ఠాణా మనిషి

బావిలోంచి తీసిన శవాన్ని ఈతచాప మీద పడుకోబెట్టి మగవాళ్లంతా వీపు తిప్పుకొని నిలబడ్డారు. అక్కడినుంచి పని భూమక్కది.

ఆమె కొంగు నడుముకు దోపుకొని శవం తలాపున కూర్చుంది. తడిసి ముద్దయిన వెంట్రుకలను పాయలుగా విడదీసి తలంతా తడిమింది. చెవుల వెనక చూసింది. రవికె ముడి విప్పి, ఒంటికి అతుక్కుపోయిన గుడ్డను మెల్లగా లాగి మెడ చూసింది. మెడకు ఒక పక్క నాలుగు వేళ్లూ, ఇంకో పక్క బొటనవేలూ ఒత్తుకుపోయిన చోట చర్మం కమిలి నల్లబడి ఉంది. భూమక్క తన చేతిని ఆ గుర్తులకు ఆనించకుండా పైన పెట్టి చూసుకుంది. తన చేతికన్నా చాలా పెద్ద చెయ్యి అది.

చనిపోయినామె ఆ ఊరి కోడలు. అత్తింటివాళ్లు గట్టు మీద గుంపుగా నిలబడి ఉన్నారు. వాళ్లలో ఏడుస్తున్నవాళ్లెవరూ లేరు.

అమీన్ సాబ్ ఇంకా దూరంగా, పటేలు తెప్పించిన మంచం మీద ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకొని కూర్చున్నాడు. మల్లుపేట ఠాణాకు ఆయనే పెద్ద. ఆడమనిషి శవాన్ని చూడాలన్నా, ఆడమనిషి ఒళ్లు వెతికి తలాషీ చెయ్యాలన్నా, పట్టుకొచ్చిన ఆడమనిషికి కావలి ఉండాలన్నా ఆయన భూమక్కకే కబురు పెడతాడు. పోలీసుల్లో ఆడవాళ్లు లేరు, అలాంటి నౌకరీయే లేదు. భూమక్క మొగుడు సాయిలు మల్లుపేట సేత్‌సింధి, అంటే ఊరి కావలి నౌకరు. అందుకని ఠాణాలో అందరూ ఆమెను సాయిలు పెండ్లాం అంటారు. పేరు పెట్టి పిలిచేది జవాను యాకూబు ఒక్కడే.

భూమక్క చేతులు కడుక్కొని వచ్చి, మెడ మీద చేతి గుర్తులున్నాయని అమీన్‌కు చెప్పింది. పడేటప్పుడు రాయి తగిలి ఉంటుందన్నాడు అమీన్. రాయికి వేళ్లుండవని భూమక్క అంది. పక్కనున్న పటేలు ఊరికే దగ్గాడు.

"ఒక్కసారి మీరే వచ్చి చూడుండ్రి సాబ్."

"ఆడమనిషి పీనుగను నేనెట్ల చూస్త? అందుకే గద నిన్ను పిలిచింది."

"మరి నేను చూసిన గద. చూసిందే చెప్తున్న."

"నువ్వు చెప్తె లెక్కకు రాదు. నువ్వేమన్న సర్కారు మనిషివా?"

తల తిప్పి కూడా చూడని పెద్దమనుషులు, కాలుజారి బావిలో పడిందని పంచనామా మీద వేలిముద్రలు వేశారు. పొద్దు వాలకముందే ఆ పిల్ల కట్టెల్లో కాలిపోయింది.

ఇంటికొచ్చాక భూమక్క బూడిదతో చేతులు తోముకుంది. తోమినకొద్దీ కోపం వచ్చింది. సాయిలు అరుగు మీద కూర్చుని తన నౌకరీ గుర్తయిన ఇత్తడి బిల్లను చింతపండుతో రుద్దుతున్నాడు. ఆమె చెంబు నేల మీద గట్టిగా పెట్టిన చప్పుడుకే ఆయనకు సంగతి అర్థమైంది.

రేపటినుంచి ఠాణా గడప తొక్కనని ఆమె అంది. ఈ మాట ఆమె అనడం కొత్త కాదు, ఆయన వినడమూ కొత్త కాదు. తొక్కకుంటే తన నౌకరీ ఉండనిస్తారా అని ఆయన మెల్లగా అడిగాడు. ఆడవాళ్ల పనికి ఇంకొకరిని చూసుకొమ్మని చెప్పకూడదా అని ఆమె అంది. ఇంకొకరెవరు వస్తారు, పీనుగల్ని ముట్టుకునేది ఎవరు అన్నాడాయన. ఆ మాటా నిజమే. ఆయన చెప్పేవన్నీ నిజాలే కావడం భూమక్కకు మరీ విసుగు పుట్టించింది.

"పిలుసుడేమో నీ పేరు మీద, చేసుడేమో నేను," అంది. "సర్కారు మనిషిని గాకుంటె నన్ను పిలవొద్దు. పిలిస్తె నేను చెప్పింది వినాలె. రెంట్ల ఏదన్న ఒకటి చెయ్యిమను నీ అమీన్‌ను."

"ఆయన నా అమీన్ ఎట్లయితడే?" అన్నాడు సాయిలు, బిల్లను ఎండకు తిప్పి చూసుకుంటూ.

మరునాడు పొద్దున్నే యాకూబు వచ్చాడు. గడప దాటి లోపలికి రాకుండా, తల గోక్కుంటూ నిలబడ్డాడు. భూమక్క పొయ్యిమీద అంబలి కలుపుతూ, ఇవాళ ఎవరు చచ్చారని అడిగింది.

"చచ్చుడు కాదక్కా. తలాషీ. రేగడిపల్లె గడిల."

గరిటె ఆగిపోయింది. రేగడిపల్లె దొర ఇంట్లోకి ఠాణా పోవడం ఆమె ఇంతవరకు చూడలేదు. దొరే ఠాణాకు వస్తాడు; వచ్చినప్పుడు అమీన్ లేచి తన కుర్చీ ఇస్తాడు.

యాకూబు చెప్పిన సంగతి ఇది. బీర్కూర్ దగ్గరి గంగామణి అనే ఆమె కూతురు బాలలక్ష్మి, దొరసానికి పెండ్లయినప్పుడు ఆమె వెంట దాసిగా గడికి వచ్చింది. ఈ మధ్య తండ్రి చనిపోతే కూడా పంపలేదు. గంగామణి వచ్చి అడిగితే, ఆ పిల్ల ఎటో పారిపోయిందని గేటు దగ్గరే చెప్పి పంపేశారు. ఆమె నమ్మలేదు. నడుచుకుంటూ కామారెడ్డి పోయి, దత్తాత్రేయరావు అనే వకీలు కాళ్లు పట్టుకుంది. ఆయన మున్సిఫు ముందు ఫరియాదు పెట్టాడు. గడి అంతా వెతకాలని, పిల్ల ఉంటే తెచ్చి తన ముందు నిలబెట్టాలని మున్సిఫు హుకుం ఇచ్చాడు. గడిలో ఆడవాళ్లు పరాయి మగవాళ్ల కంటపడకుండా గోషాలో ఉంటారు గనుక లోపలి అర్రల్లోకి ఆడమనిషే పోవాలని కూడా ఆ హుకుంలో ఉంది.

"అమీన్ నిన్ననే గడికి పోయి శర్బతు తాగొచ్చిండక్కా," అని యాకూబు గొంతు తగ్గించి చెప్పాడు.

"మరి ఇయ్యాల నేనెందుకు?"

"హుకుం ఉన్నది గద. ఎవరో ఒకరు లోపటికి పోయొచ్చినట్టు కావాలె."

భూమక్క అంబలి దించి మూత పెట్టింది. సాయిలు ఆమె వైపు చూశాడు. ఆయన చూపు ఏమంటున్నదో తెలిసి, ఏం చెప్పొద్దని ఆమె చెయ్యి అడ్డం ఊపింది.

అమీన్ గుర్రం మీద ముందు, యాకూబూ ఇంకో జవానూ నడిచి వెనక, వాళ్లకూ వెనక భూమక్క. బాటకు రెండు పక్కలా జొన్నచేలు కంకిపట్టి ఉన్నాయి. కొంతదూరం పోయాక అమీన్ గుర్రాన్ని ఆపి ఆమెను దగ్గరికి రమ్మన్నాడు. లోపలికి పొమ్మని, దొరసానికి దండం పెట్టమని, ఒక్క చుట్టు తిరిగి బయటికొచ్చి పిల్ల లేదని చెప్పమని, అంతకుమించి పనేమీ లేదని చెప్పాడు.

"పిల్ల కనవడితే?"

"కనవడది."

"కనవడితే ఏం చెయ్యాలె సాబ్?"

అమీన్ గుర్రాన్ని తోలాడు. దుమ్ము భూమక్క ముఖం మీద పడింది. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకొని నడిచింది.

గడి ముందర గేటుకు ఎడంగా, ఎండలో ఒక ముసలామె కూర్చుని ఉంది. ముసలామె అనుకున్నది గానీ దగ్గరికి పోతే తన వయసుదే. గంగామణి. గడి జీతగాళ్లు ఆమెను గేటు దగ్గరికి రానివ్వలేదు. భూమక్కను చూసి ఆమె లేచి, ఏమీ అడగకుండా చేతులు మాత్రం జోడించింది. అడిగితే ఏదో ఒకటి చెప్పవచ్చు. చేతులు జోడిస్తే ఏం చెప్పాలి? భూమక్కకు ఆమె మీద కూడా విసుగొచ్చింది.

దొర వసారాలోనే ఎదురొచ్చాడు. అమీన్‌కు కుర్చీ, పంచనామాకు పిలిచిన ఊరి పెద్దమనుషులకు జంపఖానా వేయించాడు. నౌకరు పళ్లెంలో చాయ తెచ్చాడు. ఇక వెతకడమొక్కటే తక్కువ. ఆ పని మీద భూమక్కను నడవ దాటించి లోపలికి పంపారు.

లోపల దొరసాని నిలబడి ఉంది. పాతికేళ్లుంటాయి. తెల్లగా, పలచగా ఉంది. నడుముకు తాళాలగుత్తి వేలాడుతోంది. దండం పెట్టిన భూమక్కను ఆమె కిందినుంచి పైదాకా చూసి, చూసుకో అన్నట్టు చెయ్యి తిప్పింది.

భూమక్క ఒక్క చుట్టు తిరగలేదు. ఎప్పుడూ చేసినట్టే చేసింది. మొదటి అర్రలో పందిరిమంచం కిందికి వంగి చూసింది, మడతపెట్టిన పరుపుల వెనక చెయ్యి పెట్టి చూసింది. రెండో అర్రలో భోషాణం మూత ఎత్తించింది. దేవుడి అర్రలోకి పోకుండా గడప దగ్గరే కూర్చుని మూలమూలకూ చూపు తిప్పింది. వంటింట్లో గుమ్ముల వెనక, కట్టెల అటక మీద, నీళ్ల కాగుల సందున వెతికింది. వంటామె రొట్టె చేస్తూ ఆమె వైపు చూడలేదు. అంత గట్టిగా చూడకుండా ఉన్నదంటే ఏదో ఉన్నదనే భూమక్క అనుకుంది.

మొదట్లో వెంటే తిరిగిన దొరసాని వంటింటికి వచ్చేసరికి కనబడలేదు. వంటింటి వెనక చిన్న నడవ, నడవ చివర వడ్లు పోసుకునే గరిసెల అర్ర. ఆ తలుపు ముందు పీట వేసుకొని, తమలపాకుల పళ్లెం ఒళ్లో పెట్టుకొని కూర్చుని ఉంది దొరసాని.

"అయిపాయె గద. ఇంక పో," అంది.

"ఈ అర్ర ఒక్కటి మిగిలింది దొరసానమ్మా."

"ఇండ్ల వడ్లున్నయి."

"వడ్లే చూస్త."

దొరసాని ఆకుకు సున్నం రాసింది. లేవలేదు. భూమక్క కాసేపు నిలబడింది. మోకాళ్లు నొప్పిగా ఉన్నాయి. నిలబడి లాభం లేదని తనూ ఆమెకు ఎదురుగా గోడకానుకొని కూర్చుంది. దొరసాని చెయ్యి ఆగిపోయింది. గడి లోపలి నడవలో బయటి మనిషి ఎవరూ అలా కూర్చుని ఉండరు.

"ఎందుకు కూసున్నవ్?"

"మీరు లేచేదాంక."

"నీకు మతి ఉన్నదా? ఎవరనుకున్నవ్ నువ్వు?"

భూమక్క నిట్టూర్చింది. నిన్నటి బావి దగ్గరినుంచి ఇదే మాట.

"నేనెవరో నాకు సుత తెల్వది దొరసానమ్మా. పని చెయ్యమన్నప్పుడు ఠాణా మనిషిని. చేసినంక సాయిలు పెండ్లాన్ని. మీకేది తోస్తె అదే అనుకోండ్రి."

వసారాలోంచి మగవాళ్ల నవ్వు వినిపించింది. దొరసాని ఆకు చుట్టింది, నోట్లో పెట్టుకోకుండా పళ్లెంలో పడేసింది, మళ్లీ ఇంకో ఆకు తీసింది. అప్పుడు తలుపు లోపల ఎవరో దగ్గారు. ఆపుకోబోయి ఆపుకోలేక వచ్చిన దగ్గు.

ఇద్దరూ విన్నారు. విన్నట్టు ఇద్దరికీ తెలిసిపోయింది. దొరసాని ముఖం పక్కకు తిప్పుకోలేదు. భూమక్కనే చూస్తూ, ఏం కావాలో అడగమని, చీరనా వెండినా అని మెల్లగా అంది. భూమక్క తల అడ్డంగా ఊపింది.

"అది నాతోని వచ్చింది," అంది దొరసాని. గొంతు మారిపోయింది. "మా అవ్వగారింటి నుంచి నాతోని వచ్చింది అదొక్కతే. నేను ఈ గేటు దాటి ఎన్నేండ్లాయెనో దానికే ఎర్క. అది గూడ పోతె ఈ ఇంట్ల నాకెవరున్నరు?"

"వాళ్ల అవ్వకు గూడ అదొక్కతే."

"నేను కొట్టలేదు. ఒక్కసారే. పోతనన్నదని ఒక్కసారే."

భూమక్క చెయ్యి చాపింది. కోపంగా కాదు, పక్కింటామెను ఉప్పు అడిగినట్టు చాపింది. చాపిన చెయ్యి దించకుండా అలాగే ఉంచింది. మోచెయ్యి గుంజడం మొదలైంది, రెండో చెయ్యి దాని కింద ఆసరాగా పెట్టుకుంది. వంటింట్లో రొట్టె మాడిన వాసన వచ్చింది. వంటామె రొట్టె తిప్పడం మరిచిపోయినట్టుంది.

దొరసాని నడుము నుంచి గుత్తి తీసి, అందులో ఒక తాళంచెవిని రెండు వేళ్లతో పట్టుకొని, గుత్తి మొత్తం ఆమె చేతిలో పెట్టింది. పీట మీదినుంచి లేచి, పళ్లెం పట్టుకొని, వెనక్కి చూడకుండా తన అర్రలోకి వెళ్లిపోయింది.

బాలలక్ష్మి గరిసెల మధ్య ముడుచుకొని ఉంది. పద్దెనిమిదేళ్ల పిల్ల, వడ్ల దుమ్ముతో వెంట్రుకలు తెల్లబడ్డాయి. కుడిచెయ్యి మోచెయ్యి దాకా పాత గుడ్డ చుట్టి ఉంది. భూమక్క గుడ్డ అంచు ఎత్తి చూసింది. కాలిన పుండు, కాల్చిన గరిటె ఆకారం తెలుస్తూనే ఉంది. బయట మీ అవ్వ ఉన్నదని చెబితే, ఆ పిల్ల నమ్మకుండా భూమక్క కాళ్ల వైపు చూసింది. దుమ్ము కొట్టుకుపోయిన ఆ కాళ్లను చూసి ఏమనుకుందో, లేచి నిలబడింది.

వసారాలో అమీన్ అప్పటికే ఊరి పట్వారీ చేత పంచనామా రాయిస్తున్నాడు. లోపల వెతికినా ఎవరూ దొరకలేదన్నంత వరకు వచ్చింది. భూమక్క పిల్ల భుజం పట్టుకొని నడవలోంచి బయటికి వచ్చేసరికి పట్వారీ కలం అక్కడే ఆగింది. దొర చాయ గిన్నె నేల మీద పెట్టాడు.

"ఎవరీ పిల్ల?" అన్నాడు అమీన్.

"మీరు దేవులాడుతున్న పిల్లనే, సాబ్."

అమీన్ లేచి దగ్గరికి వచ్చి, పిల్లను లోపలే ఉంచమని, తను దొరతో మాట్లాడి చెప్తానని పళ్ల మధ్యనుంచి అన్నాడు. భూమక్క విననట్టు మెట్లు దిగింది. ఎదురుచెప్పాలనే ఆలోచన కూడా ఆమెకు రాలేదు. చెప్పి చెప్పి నోరు నొప్పి పెట్టింది, ఇక చెయ్యడమే నయమనిపించింది. గేటు దగ్గర కాపలాకు నిలబెట్టిన యాకూబు, ఇద్దరూ దాటేదాకా వేరే దిక్కు చూస్తూ నిలబడ్డాడు. గంగామణి కేక ఊరంతా వినబడింది. ఇండ్లలోంచి జనం వచ్చారు. అంతమంది చూశాక పిల్లను తిరిగి లోపలికి పంపడం అమీన్ వల్ల కాలేదు.

ఆ సాయంత్రం ఠాణాలో అమీన్ ఆమెను నిలబెట్టి తిట్టాడు. నిన్ను లోపలికి పంపింది ఎందుకని అరిచాడు. తలాషీ చెయ్యమన్నరు, చేసిన అంది భూమక్క. సాయిలు బిల్ల గుంజుకుంటానని అమీన్ బెదిరించాడు. ఆమె ఇంటికి వచ్చి ఆ మాట మొగుడికి చెప్పింది. నీకేమన్నా నౌకరీనా, ఇంత పట్టింపు ఎందుకని సాయిలు అడిగాడు.

"నౌకరి లేకనే గద, ఊడుతదన్న భయం లేదు," అంది ఆమె. అన్నాక ఆయన ముఖం చూసి, ఆ మాట అనకుండా ఉండాల్సింది అనుకుంది. ఊడితే ఊడేది ఆయనది. ఆ రాత్రి పిల్లకు కావలిగా మళ్లీ ఠాణాకు పోయేముందు ఆయనకు రొట్టె వేడిగా పెట్టింది.

మున్సిఫు ముందు పిల్లను నిలబెట్టే రోజు వాళ్లు, వెంట గంగామణి, ఎల్లారెడ్డి దాకా బండిలో వచ్చి, అక్కడ మోటారు బస్సు ఎక్కారు. అప్పటిదాకా ఠాణాలో ఉంచిన బాలలక్ష్మి, జవాన్లు నీళ్లిచ్చినా తాగలేదు. కావలి ఉన్న భూమక్క పక్కనే పడుకుంది, ఆమె లేస్తే లేచింది. అందుకని భూమక్కను కూడా కామారెడ్డి తీసుకుపోక అమీన్‌కు తప్పలేదు. మోటారులో ఆయన ముందు కూర్చున్నాడు. దారిపొడుగునా వెనక్కి తిరగలేదు.

అదాలత్ వసారాలో దొర అప్పటికే ఉన్నాడు. నిజామాబాదు నుంచి పెద్ద వకీలును తెచ్చుకున్నాడు. లోపలికి పిలిచాక ఆ వకీలు పిల్ల సంగతి ఎత్తనే లేదు. ఉర్దూలో ఆయన చెప్పేది భూమక్కకు సగం అర్థమైంది, మిగతా సగం యాకూబు చెవిలో చెప్పాడు. గోషా ఇంట్లోకి ఎవరో దారినపోయే ఆడది జొరబడిందని, ఆమెకు బెల్టు లేదు, బిల్ల లేదు, సర్కారు నౌకరీ లేదని, దొర ఇంటి ఇజ్జత్ పోయిందని, ఆ తలాషీ చెల్లదని, జొరబడిన ఆడదానిమీద కేసు కట్టాలని. పిల్లను తీసుకొచ్చిన తీరే తప్పు గనుక పిల్లను తిరిగి గడికి అప్పగించాలని.

భూమక్కకు భయం వేయలేదు, ఒళ్లు మండింది. ఎండలో నడిచి, నడవలో కూర్చుని, చెయ్యి చాపి చాపి, చివరికి దొంగ తనే అయింది.

దత్తాత్రేయరావు వకీలు లేచి పెద్దగా వాదించలేదు. ఆమె ఎవరో అమీన్‌నే అడిగితే సరిపోతుందని చెప్పి కూర్చున్నాడు.

మున్సిఫు వయసు మళ్లినవాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, ఈ ఆడమనిషి ఎవరని అమీన్‌ను అడిగాడు. అమీన్ నోరు తెరిచి మూసుకున్నాడు. దొర ఆయన్నే చూస్తున్నాడు. బయటి మనిషి అంటే, దొర ఇంటి జనానాలోకి దారినపోయే ఆడదాన్ని పంపినవాడు తనే అవుతాడు. హుకుం అందుకున్న చేత్తోనే నౌకరీ పోగొట్టుకుంటాడు. ఠాణా మనిషి అంటే, ఆమె చేసిన తలాషీ ఠాణా తలాషీ అవుతుంది. భూమక్క కూడా ఆయన్నే చూసింది. ఇంత పెద్ద మనిషి, తన గురించి ఒక్క మాట చెప్పడానికి ఇంత చెమట పట్టించుకుంటున్నాడేంటా అనుకుంది.

"మా ఠాణా మనిషే, హుజూర్," అన్నాడు అమీన్.

"అంటే? వంట మనిషా, ఊడ్చే మనిషా?"

"పోలీసు పనులు చేస్తది, హుజూర్. ఆడోళ్ల తలాషీలు, కావలి..."

"జవానుతో సమానమేనా?"

పైన పంకా కిర్రుమని కదులుతోంది.

"జవానే, హుజూర్."

నిజామాబాదు వకీలు ఏదో అనబోయాడు. మున్సిఫు చేతితో ఆపి, పోలీసులే పోయినప్పుడు జొరబడడం ఎక్కడిదని అడిగాడు. తర్వాత భూమక్కను ముందుకు పిలిచి, తెలుగులో, లోపల ఏం చూసిందో చెప్పమన్నాడు.

ఆమె చెప్పింది. ఏ అర్రలో ఏముందో, తాళం ఎక్కడ ఉన్నదో, పిల్ల ఎలా ఉన్నదో, చెయ్యి ఎలా కాలిందో. దొరసాని ఏడుపుగొంతుతో అన్న మాట మాత్రం చెప్పలేదు. అది అడిగినవాళ్లు లేరు. ఆమె చెబుతుంటే అదాలత్ గుమాస్తా పేష్కారు రాసుకుంటూ పోయాడు. ఒకచోట వెనకబడి, ఆగు అన్నట్టు చెయ్యెత్తాడు. తన మాట అందుకోలేక ఒకరు ఆగమనడం ఆమెకు కొత్త. కాసేపు ఏం చెబుతున్నదో మరిచిపోయి, మళ్లీ అందుకుంది.

బాలలక్ష్మి తల్లి దగ్గరికి పోవచ్చునని మున్సిఫు తీర్పు చెప్పాడు. చెయ్యి కాల్చిన సంగతి విడిగా విచారిస్తానన్నాడు. దొర మనుషులు బయట ఉన్నారు గనుక పిల్లను బీర్కూర్ దాకా ఠాణా కావలిగా పోయి దింపి రావాలని కూడా అన్నాడు. అమీన్ ఇద్దరు జవాన్లను పిలిచాడు. పిల్ల గోడకు అతుక్కుపోయింది, కదలలేదు. మున్సిఫు కాగితాల్లోంచి తల ఎత్తకుండానే, ఆడ జవాను ఉంది కదా, ఆమెను పంపండి అన్నాడు.

బయటికి వచ్చాక అమీన్ భూమక్కను పక్కకు పిలిచాడు. లోపల అన్న మాట లోపలిదేనని, రేపు ఠాణాకొచ్చి జవానునని కూర్చుంటే ఊరుకోనని, అలాంటి నౌకరీ ఎక్కడా లేదని చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆమెను తిట్టాలో బతిమాలాలో ఆయనకే తెలియనట్టుంది.

"రేపటి ముచ్చట రేపు, సాబ్," అంది ఆమె. "ఇయ్యాలైతె మున్సిఫు సాబు చెప్పిండు. నాతోని ఎవరొస్తరు?"

అమీన్ రోడ్డు వైపు చూశాడు. దొర కారు దుమ్ము లేపుతూ వెళ్లిపోయింది. ఈసారి దొర ఆయన సలాం తీసుకోలేదు.

"యాకూబూ, నువ్వు పో," అన్నాడు చివరికి. కాస్త ఆగి, మింగుడుపడనట్టు ముఖం పెట్టి, "ఆమె చెప్పినట్టు చెయ్యి," అన్నాడు.

కామారెడ్డి టేషను బజారులో, బాన్సువాడ పోయే మోటారు ఆగేచోట పూరీలు కాల్చే కొట్టు ఉంది. పొద్దున్నుంచి పిల్ల ఏమీ తినలేదు. భూమక్క తల్లీకూతుళ్లను బల్ల మీద కూర్చోబెట్టి పూరీలు ఇప్పించింది. బాలలక్ష్మికి కుడిచెయ్యి పనికిరాదు. గంగామణి తుంచి తుంచి నోట్లో పెడుతోంది, మధ్యలో కళ్లు తుడుచుకుంటోంది. ఒక ముద్ద పెట్టడం, ఒకసారి తుడుచుకోవడం. ఇలా అయితే పొద్దుగూకుతుందని భూమక్కకు విసుగొచ్చింది కానీ తొందరపెట్టలేదు. తనూ ఒక పూరీ తీసుకొని కొరికింది. నూనె వాసన. అయినా బాగుంది.

మోటారు డ్రైవరు హారను కొట్టాడు. మళ్లీ కొట్టాడు. యాకూబు మూట భుజాన వేసుకొని, లేద్దామా అన్నట్టు చూశాడు.

"పిల్ల తింటున్నది," అంది భూమక్క. "పోయి ఆగుమని చెప్పు."

యాకూబు మోటారు దగ్గరికి పోయాడు. ఎవరి కోసం ఆగాలని డ్రైవరు కోపంగా అడిగాడు. యాకూబు వెనక్కి తిరిగి కొట్టు వైపు ఒకసారి చూసి, ఠాణావాళ్లు వస్తున్నరు, ఆగు అన్నాడు.

మోటారు ఆగింది.